పరుల పత్రికలలో మన పేరు

ఈ ఉగాది సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాసి ఇవ్వవలసిందని కార్యవర్గంలోని పెద్దలు మమ్మల్ని అడిగినప్పుడు మొదట వెనుకాడాము. ఓడల పేర్లు, చెరకు తోటల పేర్లు, సంవత్సరాలు ప్రతి సంచికలోనూ వస్తూనే ఉన్నవి. వాటినే మళ్ళీ వల్లె వేయడమెందుకు అనిపించింది. అంతలో మా ఇంట్లోనే ఒక చిన్న సంగతి జరిగింది. మా మనుమరాలు బడినుంచి వచ్చి, "తాతా, మనం తమిళులమా, హిందీవాళ్ళమా?" అని అడిగింది. ఇంగ్లీషులోనే అడిగిందనుకోండి, "తాతా" అన్న ఒక్క మాట తప్ప. తరగతిలో పిల్లలందరినీ ఆ రెంటిలో ఏదో ఒకటి చెప్పమన్నారట. "తెలుగు అని చెప్పలేదా తల్లీ?" అంటే, "చెప్పాను తాతా. అదీ తమిళంలో ఒక రకమేగా, తమిళం అని రాసుకో అన్నారు" అన్నది.

ఆ మాట అన్న వారి మీద మాకు కోపం లేదు. వారికి ఎవరో చెప్పి ఉంటారు, ఆ చెప్పినవారు ఎక్కడో చదివి ఉంటారు. ఆ చదివినది ఎక్కడ, దానిని రాసినవారెవరు అని వెతుకుతూ పోతే మా వ్యాసానికి విషయం దొరికింది. ఒక జాతి తన్ను తాను ఏమని పిలుచుకుంటుందో ఆ జాతి ఒక్కటే నిర్ణయించుకోదు. దానిని గురించి కాగితం మీద రాసేవారికి కూడా అందులో చేయి ఉంటుంది. నేటాలులో మన వారి విషయంలో ఆ చేయి కొంచెం పెద్దదే.

మొదటి కాగితం ఓడ జాబితా. ట్రూరో అనే ఓడ మద్రాసులో బయలుదేరి 342 మందితో డర్బన్ రేవు చేరినది 1860 నవంబరు 16వ తేదీన. మరి పది రోజులకు కలకత్తానుండి బెల్విడియర్ వచ్చింది. నాటినుండి 1911 వరకు ఒప్పంద కూలీలుగా ఈ రేవులో దిగినవారు మొత్తం 1,52,184 మంది. అందులో ఇంచుమించు మూడింట రెండు వంతులు మద్రాసు రేవునుండి వచ్చినవారే. గంజాం, విశాఖపట్టణం, గోదావరి, నెల్లూరు, చిత్తూరు సీమలవారు కూడా ఆ రేవుమీదుగానే వచ్చారు. కలకత్తాలో ఎక్కినవాడు కలకత్తియా, మద్రాసులో ఎక్కినవాడు మద్రాసీ. శ్రీకాకుళంవైపు పల్లెనుంచి వచ్చినవాడు మద్రాసు పట్టణాన్ని చూసినది ఆ డిపోలో ఉన్న కొద్ది రోజులే కావచ్చు. అయినా జీవితాంతం మద్రాసీ అయినాడు.

ఆ జాబితాలను చూచినవారికి తెలుసు. మనిషికి ఒక నెంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, తాలూకా, గ్రామం, కులం, ఒంటిమీద పుట్టుమచ్చలు, గాయపు గుర్తులు, ఇవన్నీ రాసుకున్నారు. ఏ భాష మాట్లాడతాడన్నది మాత్రం రాసుకోలేదు. తోట యజమానికి దానితో పని లేదు. ఇంటిపేరుకూ గడి లేదు. ఇంటిపేరు అనేది మనకు ఎంత ముఖ్యమో చెప్పనవసరం లేదు, పెళ్ళి సంబంధం దగ్గర మొదటి ప్రశ్న అదే. గుమాస్తా ఆ ప్రశ్న అడగలేదు, మన వారు చెప్పలేదు. తరువాతి తరంలో జనన పత్రంమీద చివరి పేరు కావలసివచ్చినప్పుడు తండ్రి పేరో, కులం చివర తగిలించే నాయుడు, రెడ్డి అనే మాటలో ఆ చోటు నింపినవి. అప్పలస్వామి అనే ఒక మనిషి పేరు ఈనాడు ఒక వంశానికంతకూ ఇంటిపేరైంది. సింహాచలం అప్పన్నను తలచుకుని పెట్టిన పేరు అది, విశాఖ మండలంవారని ఆ పేరే సాక్ష్యం చెబుతుంది. కాని నాయుడు అనే మాట అటువంటి సాక్ష్యం చెప్పదు. తమిళ దేశంలోనూ నాయుళ్ళున్నారు. నాయుడన్న పేరు పత్రికలో చదివినవారు తెలుగువాడా, తమిళుడా అని ఆగి ఆలోచించరు. మద్రాసీ అంటే తమిళుడు, తమిళుడంటే మద్రాసీ.

ఇక పత్రికలు. నేటాల్ మెర్క్యురీ అనే తెల్లవారి పత్రిక 1852 నుండీ డర్బన్‌లో వెలువడుతున్నది. ట్రూరో ప్రయాణికులు దిగిన దృశ్యాన్ని ఆ పత్రిక వర్ణించింది. సంతలోకి వచ్చిన వింత జంతువులను చూసే కుతూహలం ఆ రాతలో కనబడుతుంది. ఆ తరువాత యాభై ఏళ్ళపాటు ఆ దేశపు పత్రికల్లోనూ, చట్టాల్లోనూ మన వారికి ఉన్న పేరు కూలీ అనేదే. ఒప్పందం మీద వచ్చినవాడూ కూలీయే, సొంత డబ్బుతో వచ్చి దుకాణం పెట్టినవాడూ కూలీయే. ట్రాన్స్‌వాల్‌లో 1885 నాటి 3వ చట్టం ఆ మాటను చట్టంలోనే ఎక్కించింది. గాంధీగారిని కూలీ బారిష్టరు అన్న సంగతి అందరికీ తెలిసినదే.

సామీ అన్న మాట సంగతి కొంత తక్కువమందికి తెలుసు. దక్షిణాది పేర్ల చివర స్వామి అని ఉండటం చూసి తెల్లవారు మన మగవారినందరినీ సామీ అని పిలిచారు. గాంధీగారు తమ ఆత్మకథలో ఈ సంగతి చెప్పి, స్వామి అంటే యజమాని అని అర్థమనీ, ఆ పిలుపు నచ్చని వారిలో కొందరు నేను నీ యజమానిని కాను గదా అని ఎదురు సమాధానం చెప్పేవారనీ రాశారు. ఆడవారికి ఆ మాత్రం గౌరవం కూడా దక్కలేదు, అందరూ మేరీలే. మా నాయనమ్మ తలమీద కూరగాయల బుట్ట పెట్టుకుని తెల్లవారి వీధులలో అమ్మినంత కాలం ఆమె పేరు మేరీ. సాయంత్రం ఇంటికి వచ్చి బుట్ట దించితే మళ్ళీ నరసమ్మ. ఆమె దానికి బాధపడినట్లు మేమెన్నడూ చూడలేదు. "వాళ్ళకు నోరు తిరగదురా" అనేది. మాకు మాత్రం పెద్దయిన తరువాత బాధ కలిగింది.

ఇతరులు మనలను చిన్నచూపు చూడటం ఒక ఎత్తు. మన వారి పత్రికలలోనే మనం కనబడకపోవటం మరొక ఎత్తు. ఇది చెప్పేటప్పుడు కొంత జాగ్రత్తగా చెప్పవలసి ఉన్నది. 1903 జూన్‌లో ఇండియన్ ఒపీనియన్ పత్రిక డర్బన్‌లో మొదలైంది. మదన్‌జీత్ గారి ముద్రణాలయంలో, మన్‌సుఖ్‌లాల్ నాజర్ గారి సంపాదకత్వంలో, గాంధీగారి అండదండలతో నడిచిన ఆ పత్రిక మన హక్కుల పోరాటానికి ఊపిరి. అది నాలుగు భాషలలో వెలువడింది: ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళం. తెలుగు లేదు. 1904 చివర పత్రిక ఫీనిక్స్ ఆశ్రమానికి తరలింది. 1906లో రాసేవారూ, అక్షరాలు కూర్చేవారూ చాలక హిందీ, తమిళ విభాగాలను కూడా ఆపవలసి వచ్చింది. 1908లో పి. ఎస్. అయ్యర్ గారు ఆఫ్రికన్ క్రానికల్ స్థాపించారు, అది ఇంగ్లీషు, తమిళ భాషలలో నడిచింది. అందులోనూ తెలుగు లేదు.

ఎవరో పగబట్టి తెలుగును తీసివేశారని మేమనటం లేదు. మన వారిలో చదువు వచ్చినవారు బహు తక్కువ. పత్రికకు చందా కట్టగలిగిన వర్తకులు గుజరాతీలు. తోటల్లో తమిళులతో కలిసి బ్రతికిన మన వారికి తమిళం అర్థమయ్యేది. తమిళంలో రాస్తే మద్రాసీలందరికీ చేరుతుందన్న లెక్క ఆ రోజులకు సరియైన లెక్కే. కాని ఫలితం మాత్రం వేరుగా వచ్చింది. పత్రికలో భాష ఉన్నవారికి పేర్లున్నవి, సభల వార్తలున్నవి, పండుగల ప్రకటనలున్నవి. మన వారు అవే సభలకు పోయినారు, అవే జైళ్ళలో కూర్చున్నారు, కాని మరొకరి పేరుతో లెక్కకు వచ్చినారు. 1913లో మూడు పౌన్ల తలపన్ను రద్దు కావాలని న్యూకాసిల్ బొగ్గు గనులలో మొదలై తీరపు చెరకు తోటలదాకా పాకిన సమ్మెలో తెలుగు కూలీలు లేరని ఎవరనగలరు? మరుసటి ఏడే ఆ పన్ను పోయింది. సమ్మె చరిత్ర చదివితే తమిళులు, హిందూస్థానీలు అని ఉంటుంది.

తంబి నాయుడుగారి సంగతి చూడండి. జోహాన్స్‌బర్గ్ సత్యాగ్రహులలో అగ్రగణ్యుడు, మారిషస్‌లో పుట్టినవాడు, పలుమార్లు జైలుకు పోయిన ధీరుడు. గాంధీగారు దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో ఆయనను తమిళుడనే రాశారు. తంబి అన్న మాట తమిళం, నాయుడు అన్న మాట ఇరువురిదీ. ఆయన మావాడంటే మావాడని ఇప్పుడు తగవు పెట్టుకోవటం మా ఉద్దేశం కాదు. పోరాడేటప్పుడు ఆయనే ఆ తేడా చూడలేదు. అయితే ఆ ఒక్క మాట పుస్తకంలో పడిన తరువాత దానిని ప్రశ్నించే అవకాశమైనా మిగలలేదన్నది మాత్రం గమనించవలసిన విషయం.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పకుండా ఉండలేము. బర్మాలో సంగతి దీనికి సరిగ్గా తలక్రిందులు. కాకినాడ దగ్గరి కోరంగి రేవునుండి ఓడలెక్కిన మన వారివల్ల అక్కడ కోరంగీ అన్న పేరు పుట్టి దక్షిణాది కూలీలందరికీ అంటుకున్నది. మలయాలో కళింగ శబ్దంనుండి వచ్చిన క్లింగ్ అన్న పేరు తమిళులను కూడా మోసుకొని తిరిగింది, ఆ పేరును వారూ ఈసడించుకుంటారు. అంటే ఒకచోట మన రేవు పేరు వారికి పెట్టారు, మరొకచోట వారి పట్టణం పేరు మనకు పెట్టారు. కోరంగీ అన్న పేరు బర్మాలో ఎంత చేటు తెచ్చిందో 1930 మే నెలలో రంగూన్ రేవు కూలీలకు తెలిసింది. సమ్మె కట్టిన తెలుగువారి స్థానంలో బర్మీయులను పనిలో పెట్టుకుని, సమ్మె తీరగానే వారిని పొమ్మన్నారు. ఆ తగవు కత్తులదాకా పోయి, నూరుమందికి పైగా చనిపోయారు. కూలి గురించిన తగవు జాతుల తగవుగా మారిన వైనం అది.

నేటాలులో అటువంటి పని చేసిన మాట మరొకటి ఉన్నది. 1940 ప్రాంతాలలో డర్బన్‌లో కొద్దిమంది భారతీయులు తెల్లవారి వీధులలో ఇళ్ళు కొన్నారు. దానిని చొరబాటు అన్నారు. ఇల్లు కొనుక్కోవటాన్ని కొనుగోలు అనకుండా చొరబాటు అన్నప్పుడే సగం తీర్పు అయిపోయింది. ఆ మాట పత్రికలలో మారుమ్రోగి, న్యాయమూర్తి బ్రూమ్ అధ్యక్షతన వేసిన విచారణ సంఘం పేరులోకే ఎక్కింది. ఆ విచారణ తరువాత 1943లో పెగ్గింగ్ చట్టం, 1946లో మన వారు ఘెట్టో చట్టమని పిలిచిన చట్టం, 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వరుసగా వచ్చినవి. ఇళ్ళు పోయినవారు ఈ సంచిక చదివేవారిలో చాలామంది ఉన్నారు, ఆ వివరాలు వారికి మేము చెప్పనవసరం లేదు. ఆ చట్టాల దృష్టిలో తెలుగూ లేదు, తమిళమూ లేదు. ఇండియన్ అన్న ఒక్క ముద్ర. ఆ ముద్ర మనలను ఒకచోట చేర్చి కట్టివేసింది కూడా, అది నిజమే. కష్టంలో మేమంతా ఒకటే అన్న భావం అక్కడే గట్టిపడింది.

మరి తెలుగు అనే మాట నిలిచినదెట్లా? 1931లో డర్బన్‌లో పెద్దలు కొందరు చేరి ఆంధ్ర మహాసభ స్థాపించారు. ఆ పేరు పెట్టుకోవటమే ఒక పని అని మా అభిప్రాయం. పరులు పెట్టిన పేర్లు డెబ్బై ఏళ్ళు మోసిన తరువాత మనమే పెట్టుకుని, బోర్డుమీద రాయించి, పత్రికలకు పంపిన పేరు అది. ఇంచుమించు అదే కాలంలో హైదరాబాదులో జరిగిన ఒక సంగతి జ్ఞాపకం వస్తున్నది. నిజాం రాజ్యంలోని తెలంగాణలో కవులే లేరని ఒకరు అచ్చులో రాశారు. గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డిగారు దానికి కోపంతో సంపాదకీయం రాసి ఊరుకోలేదు. ఊరూరికీ జాబులు రాసి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. లేరన్న మాటకు ఉన్నవారి పట్టికే జవాబు. మన సభవారికి ఆ సంచిక సంగతి తెలుసునో లేదో గాని, వారు చేసినదీ అటువంటిదే. రాత్రి బడులలో అ ఆలు నేర్పించారు, పాటల పోటీలు పెట్టారు, పండుగ జరిపినప్పుడల్లా పత్రికకు నాలుగు వాక్యాల వార్త పంపారు. ఆ నాలుగు వాక్యాలను ఇంట్లో కత్తిరించి దాచుకున్నవారు మాకు తెలుసు.

అయితే సినిమా వచ్చి మళ్ళీ పాత కథే తెచ్చింది. డర్బన్‌లో ఎవలన్, షాజహాన్ వంటి హాళ్ళలో మనం చూసినవి హిందీ, తమిళ చిత్రాలే. 1946లో భారత ప్రభుత్వం ఇక్కడి ప్రభుత్వంతో వ్యాపారం తెంచుకున్నది. అది మన మేలుకోరి చేసినదే. కాని పుస్తకాలకూ, గ్రామఫోను రికార్డులకూ నేరు దారి మూసుకుపోయి, 1993 వరకు తెరుచుకోలేదు. చుట్టు దారిన వచ్చేవి ఎక్కువమంది కొనేవే గదా! మా తరం పిల్లలు తమిళ పాటలు కంఠస్థం చేసి పాడుకున్నారు. తమిళ పాట మధురమైనదే, ఆక్షేపణ లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడే భాష తెరమీద ఎన్నడూ వినబడకపోతే, అది వంటింటి భాష, అసలు భాష వేరే ఉన్నదని పిల్లవాడికి తోచటం సహజం. మాకు అట్లాగే తోచింది. తెలుగులో సినిమాలు తీస్తారని పన్నెండేళ్ళు వచ్చేదాకా మాకు తెలియదంటే ఈనాటి పిల్లలు నవ్వుతారు. వారి చేతిలోని ఫోనులో తెలుగు సినిమా తప్ప మరేదీ ఉండదు!

చివరకు మన శనివారపు ఉపవాసాలను కూడా పురటాసి అనే తమిళ నెల పేరుతోనే పిలుస్తున్నాము. నామం పెట్టుకుని, గోవిందా అంటూ భజన చేసేది మనం, నెల పేరు పక్కింటివారిది. దీనిని మార్చాలని మేము అనము. వంద ఏళ్ళు ఒక గోడ పక్కన బ్రతికి, పిల్లనిచ్చి పుచ్చుకున్న తరువాత ఇది నీది, అది నాది అని గీత గీయటం కుదరదు. మా ఇంటి కోడళ్ళలో ఇద్దరు తమిళుల ఇంటి ఆడపడుచులే.

1983లో రేడియో లోటస్ మొదలైనప్పుడు మన ఇళ్ళలో జరిగిన సందడి చాలామందికి గుర్తుండవచ్చు. అది ఆనాటి ప్రభుత్వం భారతీయులకని విడిగా పెట్టిన స్టేషను, ఆ ప్రభుత్వాన్ని మెచ్చుకునేవారు మనలో లేరు. అయినా అందులో హిందీ, తమిళం, గుజరాతీ, ఉర్దూలతోపాటు తెలుగు కూడా వినబడింది. వినబడిన సమయం తక్కువే. మా అమ్మ మాత్రం ఆ కొద్దిసేపటికీ రేడియో పక్కన కుర్చీ వేసుకుని, కొంగు సర్దుకుని కూర్చునేది, ఎవరో ఇంటికి వచ్చినట్లు. దరిమిలా బడులలో కూడా కోరినవారికి తెలుగు నేర్పే ఏర్పాటు వచ్చి, కొన్నేళ్ళు నడిచి, స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మరుగున పడింది. తక్కిన నాలుగు భారతీయ భాషలతోపాటు దానిని మళ్ళీ అనుమతిస్తున్నట్లు 2014లో ప్రకటించారు. అనుమతి వచ్చింది గాని, అడిగే తల్లిదండ్రులు లేకపోతే బడివారు తరగతి పెట్టరు.

జనాభా లెక్కలలో జరిగినది మరీ చిత్రం. జాతి వేర్పాటు నడిచిన రోజులలో ఇంటి భాషల పట్టికలో తెలుగు అనే పేరు అచ్చయ్యేది. 1996 లెక్కల్లో అప్పటి పదకొండు అధికార భాషలు పోగా మనం ఇతరములలో కలిసిపోయినాము. అదే 1996లో ఈ దేశపు రాజ్యాంగం 6వ అధికరణంలో, భాషా మండలి ఆదరించవలసిన భాషలను పేరు పేరునా చెప్పింది: జర్మన్, గ్రీక్, గుజరాతీ, హిందీ, పోర్చుగీసు, తమిళం, తెలుగు, ఉర్దూ. ఇంగ్లీషు అక్షర క్రమంలో తమిళం పక్కనే తెలుగు వచ్చింది. మధ్యలో ఒక కామా ఉన్నది. మా మనుమరాలికి ఆ పుట తీసి చూపించి, ఆ కామామీద వేలు పెట్టించాము. మరునాడు ఆ పుటను బడికి పట్టుకుపోయింది.

మారిషస్‌లోని మన వారికి ఉగాది ప్రభుత్వ సెలవు దినం, అక్కడి జనాభా లెక్కల్లో తెలుగుకు వేరు గడి, రేడియోలో వేరు సమయం. అక్కడా తొలి రోజులలో దక్షిణాదివారినందరినీ కలిపి మలబార్ అన్నవారే. అక్కడివారు ఇవన్నీ ఎట్లా సాధించారన్నది వేరొక వ్యాసానికి తగిన విషయం, వచ్చే సంచికకు ఎవరైనా రాస్తే బాగుంటుంది.

ఈ వ్యాసానికి సామగ్రి వెతుకుతున్నప్పుడు మాకు కలిగిన ఇబ్బంది ఒకటి చెప్పి ముగిస్తాము. మన సభల వార్తలు అచ్చయిన పాత పత్రికల ముక్కలు, నాటకాల కరపత్రాలు, ఓడ నెంబరు ఉన్న కాగితాలు, తెలుగులో రాసిన జాబులు ఇళ్ళలో పెట్టెల అడుగున ఉన్నవి. వాటిని చదవలేని పిల్లలు ఇల్లు మారేటప్పుడు పారవేస్తున్నారు. అటువంటివి ఉన్నవారు సంఘం గ్రంథాలయానికి ఆదివారం ఉదయం తెచ్చి చూపిస్తే నకలు తీసుకొని వెంటనే తిరిగి ఇస్తాము. వాటిమీద మీ ఇంటిపేరు ఎక్కడైనా కనబడితే, దానిని తెలుగులో ఎట్లా రాయాలో కూడా చూసి చెబుతాము.